సదువుకున్నోళ్ల బీమారి

జులై 4, గురువారం

పక్క క్వార్టర్ కనకవ్వ ఈ రోజు నన్ను చూడటానికి వచ్చింది. ఉత్తగా చూడటానికే. చేతిలో గిన్నె లేదు, చక్కెర అడగలేదు. గుమ్మంలో నిలబడి, మంచం మీదున్న నన్ను పైనుంచి కిందికి చూసింది. నాకు చెవుడు కూడా వచ్చిందనుకుందో ఏమో, అమ్మనే అడిగింది.

"ఇంకా తగ్గలేదా పూలమ్మా? గంతగనం సదివితే నెత్తి వేడెక్కదా మరి. ఆడివిల్లకు గన్ని లెక్కలెందుకే?"

"ఏం చేద్దుమవ్వా," అంది అమ్మ. "యూనివర్సిటీల ఫస్టు వచ్చిన పిల్లాయె. దాని మెదడు ఊకె ఉంటదా?"

అమ్మ గొంతులో ఏడుపు ఉంది. దాని అడుగున కాస్త గర్వం కూడా ఉంది. నాకు వినపడింది. చచ్చేంత సిగ్గేసి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. కానీ ఇక్కడ కూడా నిజం రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? ఆ మాట నాకు నచ్చింది.

బొగ్గు గని కార్మికుల ఈ సెంటినరీ కాలనీలో గణితంలో పీహెచ్‌డీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. దాన్ని సగంలో వదిలేసి, హైదరాబాద్ హాస్టల్ గదిలో తలుపు తీయకుండా పడుకున్నదీ నేనే. బాపు వచ్చి ఆటో మాట్లాడి, పుస్తకాల అట్టపెట్టెలు తన భుజం మీదే మోసి తీసుకొచ్చాడు. కరీంనగర్ డాక్టర్ చూసి డిప్రెషన్ అన్నాడు. మీలాంటి తెలివైన వాళ్లకు, ఎక్కువ ఆలోచించే వాళ్లకు వస్తుందమ్మా అన్నాడు. ఆ మాట నేను అమ్మకు చెప్పాను, అమ్మ కాలనీకి చెప్పింది. ఇప్పుడు ఇక్కడ దాని పేరు డిప్రెషన్ కాదు. సదువుకున్నోళ్ల బీమారి.

తల దువ్వుకోవాలి. రేపు.

జులై 9

లేచాను. పడుకున్నాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్‌కి కిటికీ రెక్కలు అదిరాయి. లేచాను. పడుకున్నాను.

జులై 12, శుక్రవారం

కొమురెల్లి కాక వచ్చాడు. ఆయనా బాపూ ఏళ్ల తరబడి ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో బొగ్గు పని చేశారు. పోయినేడు కాక 'అన్‌ఫిట్' అయ్యాడు, నౌకరి ఆయన కొడుక్కి వచ్చింది. అప్పటి నుంచి కాలనీలో ఈ విషయానికి ఆయనే గురువు.

మా దగ్గర యాభై ఏడో, ఎనిమిదో దాటిన మనిషి ఒకరోజు కుంటుతూ బజారుకు వస్తే, కాలికి ఏమైందని ఎవరూ అడగరు. "బోర్డు ఎప్పుడే?" అని అడుగుతారు. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు కూర్చుంటుంది. ఈ మనిషి బాయి పనికి పనికిరాడని వాళ్లు రాస్తే కొడుక్కో బిడ్డకో ఆ ఉద్యోగం దొరుకుతుంది. అందుకని దగ్గున్నవాడు ఇంకాస్త దగ్గుతాడు. నిజంగా నొప్పున్నవాడు కూడా ఇంకాస్త మూలుగుతాడు, ఉన్న నొప్పి సరిపోతుందో లేదో అని భయం. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఇందులో తప్పుందని ఎవరూ అనుకోరు.

బాపు టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి.

"ఒట్టి మోకాళ్లు చాలయి మొగిలన్నా," అన్నాడు కాక. "మోకాళ్లు అందరియి పోయినయే. మనిషివి జర డల్లుగ కనపడాలె. అడిగిన ఎంటనే జవాబు చెప్పకు, జరసేపు ఆగు. గడ్డం గీకకు. కండ్లల్ల కండ్లు పెట్టి సూడకు."

"ఈయనకు గవన్ని ఏడొస్తయి?" అంది అమ్మ. "కూరల ఉప్పు లేకున్నా ఉన్నదనే మనిషి, అబద్ధం ఆడితే నవ్వొస్తది ఈయనకు."

"ఎందుకు రావొదినే? ఇంట్లనే ఉన్నది గద టీచరమ్మ," అని కాక నా వైపు చూసి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. బాపు నవ్వలేదు, చాయ్ గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు.

ఆ ఉద్యోగం నా కోసం. జనరల్ మజ్దూర్. పీహెచ్‌డీ చేసే పిల్ల ఆఫీసులో ఫైళ్లు మోస్తుంది, లేదంటే స్టోర్‌లో సామాన్లు దించుతుంది. ఇంకో ఏడాది దాటితే బాపుకు మిగిలిన సర్వీసు చాలదట, ఆ దారి కూడా మూసుకుపోతుందట. అమ్మ ఫికరంతా అదే. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నేను వద్దనలేదు. 'నా కోసం ఆయన ఎందుకు నటించాలి' అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను.

జులై 15, సోమవారం

సెకండ్ షిఫ్టుకి వెళ్లే ముందు బాపు నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకున్నాడు.

"గది ఎట్లుంటది బిడ్డా?" అన్నాడు.

"ఏది?"

"అదే... నీ బీమారి."

కాక చెప్పిన పాఠం కోసం అడుగుతున్నాడని అర్థమైంది. సరే, నేర్పిద్దాం అనుకున్నాను. లేచి కూర్చుని మరీ చెప్పాను. పొద్దున లేవాలంటే ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంటుందని, అన్నం మట్టి నమిలినట్టు ఉంటుందని, పక్కన మనుషులు మాట్లాడుతుంటే ఎక్కడో దూరం నుంచి వినపడుతుందని. చెప్తుంటే నాకు హుషారుగా ఉంది. క్లాసు చెప్పినట్టుంది.

బాపు అన్నీ విన్నాడు. "నాకు గూడ గట్లనే ఉంటాంది బిడ్డా, శానా దినాల సంది," అన్నాడు.

నేను నవ్వాను. "నీది అలసట బాపు. ముప్పై ఏండ్లు బాయి దిగినవ్, ఒళ్లు అలిసిపోయింది. ఇది వేరే. మెదడుతోటి పని చేసేటోళ్లకు వచ్చేది. ఆలోచన ఎక్కువైతే వస్తది."

"గంతే గావొచ్చు," అన్నాడు. లేచి టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లాడు.

జులై 21, ఆదివారం

బాపు అద్భుతంగా చేస్తున్నాడు. అమ్మ సంతోషం చూడాలి.

గడ్డం మాసింది. డ్యూటీ నుంచి వచ్చి స్నానం కూడా చెయ్యకుండా పంపు దగ్గర దిమ్మె మీద కూర్చుంటున్నాడు. పిలిస్తే మూడోసారికి పలుకుతున్నాడు. నిన్న అమ్మ బోటి కూర వండింది. ఆయన ప్రాణం ఆ కూర. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేశాడు.

"నేనైతే నమ్మకపోదును," అని అమ్మ నా చెవిలో గుసగుసలాడింది. "ఇంట్ల ఎవ్వలు లేకున్నా గట్లనే కూసుంటాండు తెలుసా? మస్తు పట్టుదల మీ బాపుకు."

కనకవ్వ గోడ మీదుగా "బోర్డుకు రెడీ అయితాండా అల్లుడు?" అని అరిచింది. కాలనీ అంతా ఆయన్ని చూసి నవ్వుతోంది, ప్రేమగానే.

నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆయన మోకాళ్లు నటించడం లేదు, ఊపిరి నటించడం లేదు. నన్ను నటిస్తున్నాడు. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నట్టే కూర్చుంటాడు. నేను కంచంలో సగం వదిలినట్టే వదులుతాడు. నేను పడ్డ నరకమంతా బోర్డు ముందు పాడే పాటలాగా అయిపోయింది. ఇంత చదివి, ఇంత కోల్పోయి నాకంటూ మిగిలింది ఈ జబ్బు ఒక్కటే. అది కూడా కాపీ కొట్టేస్తే ఎలా?

జులై 22

ఇంకా కోపంగానే ఉంది. జబ్బును ఆస్తిలాగా దాచుకునే దాన్ని నేనొక్కదాన్నే ఉంటాను లోకంలో.

జులై 28, ఆదివారం

కాక వచ్చి పరీక్ష పెట్టాడు. కుర్చీలో ఠీవిగా కూర్చుని, అమ్మ కళ్లజోడు పెట్టుకుని, "ఏం మొగిలీ, ఏంది నీ తక్లీఫ్?" అన్నాడు గొంతు మార్చి. అందరికీ నవ్వొచ్చింది. నాక్కూడా. నేను వచ్చి గడప మీద కూర్చున్నాను.

బాపు ఎదురుగా పీట మీద ఉన్నాడు. కాసేపు ఆగాడు, కాక చెప్పినట్టే. తర్వాత నేల చూస్తూ అన్నాడు.

"దిగినంక మళ్ల పైకి రాబుద్ధైతలేదు సార్. బత్తి బంద్ చేసుకొని గక్కడ్నే కూసుండబుద్ధైతాంది. పైన ఏమున్నదని రావాలె అనిపిస్తది."

అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. తర్వాత కాక తొడ మీద చరుచుకున్నాడు.

"శెభాష్! ఏం చెప్పినవే మొగిలన్నా! నాకే కండ్లల్ల నీళ్లు తిరిగినయి పో!"

అమ్మ ఊపిరి వదిలింది. నేనేం అన్నానో రాయాలి. "బాగుంది బాపు. బోర్డు ముందట గిదే చెప్పు. ఒక్క మాట మార్చకు. 'పైన ఏమున్నదని' అన్నప్పుడు జర ఆగి చెప్పు, ఇంకా మంచిగుంటది."

బాపు నా వైపు చూశాడు. తర్వాత ఆయన కూడా నవ్వాడు. "మంచిగ చెప్పిన్నా?" అని అడిగాడు.

"ఫస్ట్ క్లాస్," అన్నాను.

చాలా నెలల తర్వాత ఈ రోజు అందరితో కలిసి అన్నం తిన్నాను. ఏదో ఒకదానికి పనికొచ్చాను అనిపించింది.

ఆగస్టు 3, శనివారం

ఇల్మా వచ్చింది. బడిలో నా పక్క బెంచీ. ఇప్పుడు గోదావరిఖనిలో మెడికల్ షాపులో పని చేస్తోంది. నా మాత్రలు అదే తెచ్చిస్తుంది. హైదరాబాద్‌లో నేను రోజుల తరబడి ఫోన్ ఎత్తకపోతే బాపుకు చెప్పింది కూడా అదే. ఆ సంగతి తల్చుకుంటే దాని మొహం చూడలేను.

"ఇంత జల్ది అయిపోయినయా?" అంది. "పోయినసారి ఇచ్చినయి ఇంకా ఉండాలె గద రమా. రెండ్రెండు ఏస్కుంటున్నవా? నిజం చెప్పు."

ఏమో, వేసుకుంటున్నానేమో. వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్లీ వేసుకుంటున్నానేమో. పెద్ద బుర్రలకు చిన్న విషయాలు గుర్తుండవు అని నవ్వేసి ఊరుకున్నాను. ఇల్మా నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి అమ్మతో ఏదో చెప్పింది.

ఆగస్టు 5

అమ్మ నా మీద కాపలా. బాత్రూంలో ఉన్నా తలుపు కొట్టి "రమా, రమా" అని పిలుస్తోంది. నా పరుపు ఎత్తి చూసింది. నా అట్టపెట్టెలు వెతికింది. దాచుకుంటున్నానని అనుమానం. ముప్పై ఏళ్ల బిడ్డ పక్క బట్టలు దులిపి చూసే తల్లి. నేను దానికి కోప్పడలేకపోయాను, ఆ హక్కు ఎప్పుడో పోగొట్టుకున్నాను.

ఆగస్టు 9, శుక్రవారం

తెల్లారుజామున మెలకువ వచ్చింది. బాపుకు ఫస్ట్ షిఫ్టు. నా అలమర ముందు నిలబడి ఉన్నాడు, డ్యూటీ బట్టల్లో. చేతిలో నా మాత్రల స్ట్రిప్. ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

"బాపు! ఏం చేస్తున్నవ్?"

ఆయన ఉలిక్కిపడి స్ట్రిప్‌ను వెనకాల దాచుకున్నాడు, గోళీలు దొంగిలించిన పిల్లాడిలాగా.

"బోర్డు కోసం గింత దూరం పోవాల్నా?" అన్నాను. "రక్తంల చూస్తరని కొమురెల్లి కాక చెప్పిండా?"

"కాదు బిడ్డా," అన్నాడు. "నీకు జర నయమైతాంది గద. మొన్న అందరితోటి కూసోని తిన్నవ్. నాకు గూడ అయితదేమో అని."

"నీకెందుకు? నీకేం రోగం?"

నేను సరిగ్గా అదే మాట అన్నాను.

"ఏం లేదు," అన్నాడు. స్ట్రిప్ అలమరలో పెట్టేశాడు. "నాకేం లేదు బిడ్డా. పండుకో." తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

నేను లేవలేదు. వెనకాల వెళ్లలేదు. పడుకుని లెక్క వేసుకున్నాను: నటిస్తున్నాడు, బాగా నటిస్తున్నాడు, అంతే. మళ్లీ మళ్లీ అదే. అయితే చీకట్లో, అందరూ నిద్రపోతున్నప్పుడు, ఎవరి కోసం నటిస్తున్నాడు? అమ్మ కూడా అన్నది కదా, ఎవరూ లేకున్నా అలాగే కూర్చుంటాడని. ఈ చిన్న ప్రశ్న దగ్గరికి రావడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. బంగారు పతకం నాది.

'దిగినంక మళ్ల పైకి రాబుద్ధైతలేదు.'

వెళ్తున్నాను.

ఆగస్టు 10, శనివారం

నిన్నటిది పూర్తిగా రాయాలి.

చెప్పులు దొరకలేదు, అమ్మవి వేసుకుని పరుగెత్తాను. కొమురెల్లి కాక ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు. "కాకా, బాపు దగ్గరికి తీస్కపో, జల్ది," అన్నాను. నేను ఇల్లు దాటి బయట కనపడటమే ఆయనకు వింత. ఏమీ అడగకుండా బండి తీశాడు.

బాయి గేటు దగ్గర కాకను అందరూ ఎరుగుదురు, లోపలికి వదిలారు. షిఫ్టు అయిపోయి మనుషులు పైకి వస్తున్నారు. నల్లటి మొహాలు, ఎవరు ఎవరో తెలియదు. ప్రతి మనిషీ టోపీ బత్తి తీసి ల్యాంప్ రూం కిటికీలో ఇచ్చి పోతున్నాడు. నేను ఒక్కొక్కరి నడక చూస్తున్నాను. బాపు నడక లేదు. గుంపు పలచబడింది. తర్వాత ఎవరూ రాలేదు.

కిటికీలో ఉన్నతను లోపలికి చూసి, "మొగిలన్న బత్తి ఇంకా రాలే," అన్నాడు.

అంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడు. నేను అక్కడే బురదలో కూర్చుండిపోయాను. కాక కిందికి ఫోన్ చేయించాడు. ఎంతసేపు అయిందో తెలియదు. నేను దేవుణ్ణి నమ్మను. నిన్న ఎవరెవరికో మొక్కాను.

ఇద్దరు మనుషులు ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. బతికే ఉన్నాడు, నడుస్తున్నాడు. ఆ ఇద్దరూ నవ్వుతున్నారు.

"లోపల గూడ ప్రాక్టీసేనాయె!" అన్నాడు ఒకతను అందరికీ వినపడేటట్టు. "పని బందైన పాత లెవెల్ సొరంగంల బత్తి బంద్ చేసుకొని కూసున్నడే! పిలిస్తే పలుకుడు లేదు, లేపితే లేసుడు లేదు. బోర్డుల సార్లు ఫిదా అయితరు పో!"

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. కాక కూడా అలవాటుగా నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. బాపు వాళ్లందరితో కలిసి నవ్వాలని ప్రయత్నం చేస్తున్నాడు, పెదవులు సాగుతున్నాయి కానీ నవ్వు రావడం లేదు.

'నటించడం లేదు, ఆయనకు నిజంగానే బాగాలేదు' అని నేను అక్కడ అరవాలి. అరవలేదు. అరిస్తే రేపు షిఫ్టంతా చెప్పుకుంటుంది. మొగిలి ఇంట్లో ఇద్దరూ పిచ్చోళ్లే అంటుంది. నాకు సిగ్గేసింది. ఆ క్షణంలో కూడా నాకు నా పరువే గుర్తొచ్చింది. థూ.

ఇంకోటి కూడా రాయాలి. కరీంనగర్ డాక్టర్ ఆ మాట అనలేదు. తెలివైన వాళ్లకు వస్తుందని ఆయన ఎప్పుడూ అనలేదు. మందులు రాసి, వేళకు తినమన్నాడు, అంతే. ఆ మాట నేనే పుట్టించాను. చదువు సగంలో వదిలేసి ఓడిపోయి వచ్చానని చెప్పుకోలేక, తెలివి ఎక్కువై ఇలా అయ్యానని చెప్పుకున్నాను. కాలనీ నమ్మింది, అమ్మ నమ్మింది. చెప్పీ చెప్పీ నేను కూడా నమ్మాను. అందరికంటే ఎక్కువగా బాపు నమ్మాడు. నా బిడ్డ చెప్పింది, నాకు రాదు అని నమ్మాడు. నమ్మి దాన్ని పట్టుకుని రోజూ బాయి దిగాడు.

ఆగస్టు 11

అమ్మకు చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కోపం తెచ్చుకుంది.

"నీకంటే సదువున్నది, వచ్చిందన్నరు. ఆయనకేం సదువున్నదని వస్తదే?"

"చదువుకు దీనికి సంబంధం లేదమ్మా. నేనే అబద్ధం చెప్పిన."

"మరి బోర్డు?"

ఇదే నేను భయపడ్డ ప్రశ్న. డేట్ వచ్చేసింది, ఇరవై రెండు. ఈలోగా సిక్ లీవు పెట్టించాం, బాయి దిగడం లేదు. రేపే కరీంనగర్ తీసుకెళ్దామన్నాను. బోర్డు అయ్యేదాకా ఆగమంది అమ్మ, "పిచ్చి డాక్టర్ చీటీ పడితే ఏమంటరో ఏమో" అని. కాసేపు వాదించాను. తర్వాత ఒప్పుకున్నాను. బోర్డులో కూడా డాక్టర్లే కదా, ఈయన ఉన్నది ఉన్నట్టు చెప్తే వాళ్లకే అర్థమవుతుంది, వైద్యమూ దొరుకుతుంది, ఉద్యోగమూ దొరుకుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. చాలా తెలివైన ఆలోచన. నా తెలివితేటలన్నీ ఇలాంటి వాటికే పనికొస్తాయి.

బాపు ఎటు వెళ్లినా నేను వెనకే వెళ్తున్నాను. పంపు దగ్గర దిమ్మె మీద పక్కనే కూర్చుంటున్నాను. కనకవ్వ గోడ మీదుగా చూసి లోపలికి వెళ్లిపోతోంది.

ఆగస్టు 16

ఈ రోజు ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు. నేను కూడా తిన్నాను, నేను తింటే ఆయన తింటున్నాడని తెలిసింది.

ఆగస్టు 23, శుక్రవారం

నిన్న కొత్తగూడెం.

లోపలికి తోడు రావద్దన్నారు. తలుపు ఓరగా ఉంది, నేను బయట బెంచీ మీద. అన్నీ వినపడుతున్నాయి. మోకాళ్లు చూశారు, ఊపిరి చూశారు. తర్వాత ఒక పెద్దాయన, గొంతు నిజంగానే మెత్తగా ఉంది, అడిగాడు.

"ఇంకేమైనా ఇబ్బంది ఉందా? మనసులో ఏమన్నా బాధ? చెప్పు, ఫరవాలేదు."

నేను బెంచీ అంచు పట్టుకున్నాను. చెప్పు బాపు.

కాసేపు ఆగాడు. చాలాసేపే ఆగాడు.

"ఏం లేదు సార్. మంచిగనే ఉన్న," అన్నాడు.

ఫిట్. మోకాళ్లు బాగా లేవు కాబట్టి బాయి దిగకుండా పైనే తేలిక పని ఇమ్మని రాశారట.

వరంగల్ బస్టాండ్‌లో బస్సు కోసం ఆగాం. కొమురెల్లి కాక ఫోన్ చేసి సంగతి విని గోల గోల చేశాడు. "గంత మంచి మాట ఉండంగ నోట్లె ఏం పెట్టుకున్నవే?" అంటున్నాడు, బాపు ఫోన్ నాకు ఇచ్చేస్తే నేను పెట్టేశాను. చాయ్ తెచ్చాను. బాపు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు.

"నీ నౌకరి పోగొట్టిన బిడ్డా," అన్నాడు.

"నౌకరి సంగతి ఇడిసిపెట్టు. ఎందుకు చెప్పలే బాపు? ఆయన మంచిగనే అడిగిండు కద."

ఎదురుగా బస్సుల వైపు చూస్తూ చాలా మెల్లగా చెప్పాడు. "అబద్ధమైతే చెప్దును బిడ్డా. కొమురెల్లి ముందట చెప్పలేదా? నిజమైనదాన్ని ఎట్ల చెప్తరు నలుగురి ముందట? సిగ్గైతది."

జనం అటూ ఇటూ తిరుగుతున్నారు. నేను ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆ సిగ్గు నాకు తెలుసు. దాన్ని దాచుకోవడానికి నాకు చదువు ఉంది, పెద్ద పెద్ద మాటలున్నాయి. ఆయనకు బాయి ఒక్కటే ఉంది.

ఆగస్టు 27, మంగళవారం

కరీంనగర్. అమ్మ కూడా వస్తానంది. దారి పొడుగునా బాపు చెయ్యి వదలలేదు, ఆయనెక్కడో దిగిపోతాడన్నట్టు.

డాక్టర్ నన్ను గుర్తుపట్టాడు. "ఎలా ఉన్నారమ్మా? నిద్ర పడుతోందా?" అని ఫైలు తెరవబోయాడు.

"నాకు కాదు సార్," అన్నాను. "మా బాపుకు."

బాపు కుర్చీ అంచున కూర్చున్నాడు, లేచిపోవడానికి తయారుగా ఉన్నట్టు. డాక్టర్ ఆయన వైపు తిరిగాడు. ఏం పని చేస్తావు, ఎన్నేళ్లయింది అని అడిగాడు. బాపు వాటికి జవాబు చెప్పాడు. ఇక అసలు ప్రశ్న వస్తుందనగా ఆయనే అడ్డం పడ్డాడు.

"సార్, ఒక్క మాట అడుగుత, తప్పు పట్టద్దు."

"అడుగు కాకా."

"నేను మూడో తరగతి దాకనే సదివిన. మూడు సదివినోనికి గూడ వస్తదా ఈ బీమారి?"

డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. నవ్వుతాడేమోనని నాకు భయమేసింది. నవ్వలేదు.

"వస్తుంది కాకా. బడి మొహం చూడని వాళ్లకు కూడా వస్తుంది."

బాపుకు ఆ జవాబు చాల్లేదు. అంత పెద్ద డాక్టర్‌ను వదిలేసి నా వైపు తిరిగాడు. యూనివర్సిటీ ఫస్టు వచ్చిన బిడ్డ ఏమంటుందో అని చూస్తున్నాడు. నేను అవునంటేనే ఆయనకు నమ్మకం.

"నిజమేనా బిడ్డా?"

అమ్మ నన్నే చూస్తోంది. నాకు ఆయన మొహంలోకి చూడటం చేత కాలేదు, బల్ల మీద ఉన్న ఆయన చేతుల్ని చూస్తూ చెప్పాను.

"నిజమే బాపు. నేను చెప్పింది తప్పు."

ఆయన నా మీద కోపం చేసుకోలేదు. తల ఊపి, కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించాడు.

"గట్లనా," అన్నాడు. "అయితే చెప్త సార్. రాసుకోండ్రి."